ఉపగ్రహానికి అంత తొందరెందుకు?

లైసెన్సు ఆలస్యంగా రావడం ఒక వరం. వెంటనే రావడం శాపం. అసలు రాకపోవడం మోక్షం!

నవ్వకండి. పొద్దుపోక అంటున్న మాట కాదిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు వాషింగ్టన్‌లో, కమ్యూనికేషన్ ఉపగ్రహాలకు లైసెన్సులిచ్చే ఆఫీసులో, నాలుగో అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని సంపాదించిన జ్ఞానం. నా పని ప్రశ్నలు రాయడం. ఎవరైనా పాపం ఆకాశంలోకి ఒక ఉపగ్రహం పంపుకుంటామని దరఖాస్తు పెట్టుకుంటే, దాన్ని ఆసాంతం చదివి, వాళ్ళు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలు తయారుచేసేవాణ్ణి. రిటైరయ్యేనాటికి పద్నాలుగువేల పైచిలుకు ప్రశ్నలు రాశాను. వాటిలో ఒక వంద దాకా అవసరమైనవే!

మచ్చుకి ఒకటి మనవి చేస్తాను. "మీ ఉపగ్రహము ఆయుష్షు తీరి భూమిపై పడునపుడు ఎవరి మీద పడును? పేరు, చిరునామా తెలుపగలరు." ఒక కంపెనీవాళ్ళు ఈ ప్రశ్న చూసి ఫోనులోనే ఏడ్చారు. కానీ ఆ ప్రశ్న వల్ల వాళ్ళకి ఎంత మేలు జరిగిందో తెలుసా? జవాబు వెతుక్కునే రెండేళ్ళలో ఆ ఇంజినీర్లందరూ ఇళ్ళకి పెందలాడే వెళ్ళారు, పిల్లల్ని ఎత్తుకున్నారు, ఒకాయన గిటారు కూడా నేర్చుకున్నాడు. లైసెన్సు వెంటనే ఇచ్చేసి ఉంటే వాళ్ళ బతుకులు ఏమైపోయేవి?

ఇంకొకాయన ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, నిగనిగలాడే జుట్టుతో వచ్చి దరఖాస్తు ఇచ్చి వెళ్ళాడు. లైసెన్సు తీసుకోవడానికి ఆయన కొడుకు వచ్చాడు. ఆ కొడుక్కీ జుట్టు లేదు! మరో ఉపగ్రహం మా దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి చివరికి మ్యూజియంలో చేరింది. ఒక ఆదివారం మా సెక్షన్ ఆఫీసరు పిల్లల్ని తీసుకుని ఆ మ్యూజియానికి వెళ్ళి, దాని ముందు ఫొటో కూడా దిగాడు. సోమవారం వచ్చి చూసుకుంటే దాని ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఏమాత్రం కంగారుపడలేదు మహానుభావుడు. "ప్రస్తుతము ఉపగ్రహము ఎక్కడ ఉన్నదో తెలుపగలరు" అని ఇంకో ప్రశ్న పంపించాడు.

అలాంటి ఆఫీసు మాది. ఇప్పుడు దాని మీద పడ్డారు!

కాంగ్రెసులో, అంటే అమెరికా పార్లమెంటులో, కొందరు పెద్దలకి ఉన్నట్టుండి ఉపగ్రహాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లైసెన్సుల పద్ధతిని సంస్కరిస్తామని బిల్లు పెట్టారు. అందులో ఏమని రాశారనుకున్నారు? దరఖాస్తు మీద ఏడాదిలోగా ఏదో ఒకటి తేల్చాలట. తేల్చకపోతే లైసెన్సు ఇచ్చినట్టే లెక్కట! అంటే మేము నిద్రపోతే ఉపగ్రహం లేచిపోతుందన్నమాట. ఇంతకన్నా అరాచకం ఉంటుందా? మనం నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టేనని చట్టం చేస్తే, ఈ దేశంలో ఏ భర్త ప్రశాంతంగా పేపరు చదువుకోగలడు?

ఈ కబురు తెలిసేనాటికి నేను రిటైరై మా ఆవిడ మార్డెల్ పుట్టిన ఊరు వచ్చేశాను. ఇడాహోలో, రెండు కొండల నడుమ ఇరుక్కున్న లోయలో ఉంటుంది క్రో ఫోర్క్. నాలుగువందల పదకొండు మంది మనుషులు, అంతకు ఏడింతలు ఆవులు. లోయలో ఫోను పలకదు, ఇంటర్నెట్ రాదు. కేబుల్ వేస్తామని వచ్చినవాళ్ళు దారిలో మంచి చేపలు దొరికితే పట్టుకుని వెళ్ళిపోయారు. సిగ్నల్ కావాలంటే పద్దెనిమిది మైళ్ళు మట్టిరోడ్డు ఎక్కి బాల్డీ కొండ మీదికి పోవాలి. అక్కడ, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనుప కడ్డీల పక్కన, ఒక పికప్ ట్రక్కు పట్టేంత జాగాలో, అవతలి లోయలోని రిసార్టు టవరు నుంచి సిగ్నల్ దివ్యంగా వస్తుంది.

దీన్ని లోటు అంటారా? నేను అనను! ఆరేళ్ళలో మా ఊళ్ళో కుదిరిన నాలుగు పెళ్ళిళ్ళూ బాల్డీ కొండ మీదే కుదిరాయి. ఫోను పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడా మగా ఎంతసేపని ఆవుల్ని చూస్తారు? ఒక విడాకులు కూడా అక్కడే కుదిరింది, లాయరు దొరికేది అక్కడేగా. చర్చి అయిపోగానే ఫ్లాస్కుల్లో కాఫీ, మడత కుర్చీలు వేసుకుని సగం ఊరు అక్కడికే. ఇంటింటికీ సిగ్నల్ వస్తే మనిషి మొహం మనిషి చూస్తాడా?

ఈ ముక్క చెబితే నర్సు వెర్నా స్టోకమ్ మాత్రం నవ్వదు. మా ఊరి క్లినిక్కుకి ఆవిడే నర్సు, ఆవిడే డాక్టరు, చలికాలం నీళ్ళ పైపు గడ్డకడితే ఆవిడే ప్లంబరు.

ఒకనాడు పోస్టాఫీసు మెట్ల మీద నిలదీసింది. "లెలాండ్ గారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఆఫీసులో మీరేం చేశారు?"

"ప్రశ్నలు రాశానమ్మా."

"మరి జవాబులు?"

"అది వేరే సెక్షన్."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చేతిలోని చిన్న మెషిను సంచీలో పెట్టుకుని పికప్ ఎక్కింది. అది మంగళవారం. మంగళవారం మంగళవారం ఆవిడ బాల్డీ కొండ ఎక్కేది నా స్నేహితుడు డెల్మర్ హస్కిన్స్ కోసం.

డెల్మర్‌కి అరవై తొమ్మిది. ఆవులు కాస్తాడు, అబద్ధాలాడతాడు, పేకాటలో తొండి చేస్తాడు. రెండేళ్ళ కిందట గుండె తేడా చేస్తే బోయిసీ పట్నంలో డాక్టర్లు వాడి మెడ ఎముక కింద, చర్మం లోపల ఒక చిన్న పరికరం పెట్టి పంపించారు. గుండె ఎలా కొట్టుకుంటోందో అది ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. మంచం పక్కన ఇంకో పెట్టె. ఆ రాతని రోజూ డాక్టరుకి చేరవేయడం దాని పని. చేరితే పచ్చ లైటు, చేరకపోతే నారింజ లైటు. డెల్మర్ పెట్టెకి పచ్చ లైటు ఉందన్న సంగతే మాకు ఇంతవరకూ తెలియదు. అందుకని వెర్నా మంగళవారం నాడు ఆ రాతని తన మెషినులోకి ఎక్కించుకుని, కొండెక్కి పంపించేది. డాక్టరు చూసి, మందు పెంచమనో తగ్గించమనో చెప్పేవాడు.

ఇక్కడ చిన్న చిక్కు. నవంబరు మొదట్లో మంచు పడగానే కౌంటీవాళ్ళు బాల్డీ రోడ్డుకి గేటు వేసేస్తారు. మళ్ళీ ఏప్రిల్లోనే తీస్తారు. ఆ ఐదు నెలలూ డెల్మర్ గుండె ఏం చేస్తోందో డెల్మర్‌కి కూడా తెలియదు. మొదటి చలికాలం ఎలాగో గడిచింది. రెండోది గడవకపోవచ్చునని డాక్టరు ముందే చెప్పాడు. ఊరంతటికీ తెలిసిన సంగతే ఇది.

ఈ చిక్కుకి మందు కొలరాడోలో ఉంది. రోషెల్ బీమన్ అనే ఇంజినీరమ్మ, ఇంకో పదకొండు మంది కలిసి, ఇలాంటి కొండలోయల కోసమే ఒక ఉపగ్రహం కట్టారు. ఫ్రిజ్ అంత ఉంటుందట. అది పైకి వెళితే డెల్మర్ ఇంటి కప్పు మీద పళ్ళెం లాంటి యాంటెనా ఒకటి పెట్టుకుంటే చాలు, వాడి పెట్టెకి పచ్చ లైటు వెలుగుతుంది. ఉపగ్రహం తయారు. అక్టోబరు ఆఖర్లో వెళ్ళే రాకెట్టులో సీటు కూడా తీసుకున్నారు. ఆ సీటు పోతే మళ్ళీ రెండేళ్ళకి. కావలసిందల్లా లైసెన్సు!

డెల్మర్‌కి ఇది మింగుడుపడేది కాదు. "ఏరా, ఆకాశం మీ తాతగారిదా? పైకి ఒక డబ్బా పంపుకోవడానికి మీ పర్మిషనేమిట్రా?"

"రెండు డబ్బాలు ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడితే ఒకదాని గోల ఇంకోదానికి తగులుతుందిరా. ఎవరో ఒకరు చూడాలిగా!"

"నేనూ మా ఆవిడా నలభై ఏళ్ళు ఒకే ఫ్రీక్వెన్సీ మీద అరుచుకున్నాం. ఎవడి లైసెన్సూ అడగలేదు. ముక్క వెయ్యి!"

చదువురానివాడితో వాదన పెట్టుకోకూడదని ఊరుకున్నాను. పైగా వాడి చేతిలో మంచి ముక్కలున్నాయి.

ఇంతలో కాంగ్రెసు కమిటీవాళ్ళు ఆ సంస్కరణ బిల్లు మీద అనుభవజ్ఞుల సలహాలు కావాలన్నారు. నాకన్నా అనుభవజ్ఞుడెవడు? తొమ్మిది పేజీలు రాసి పంపాను. బిల్లు చట్టమై బయటికొచ్చినప్పుడు చూద్దును కదా, నా తొమ్మిది పేజీల్లోంచి రెండు వాక్యాలు అచ్చంగా అందులో ఉన్నాయి! మార్డెల్‌ని పిలిచి చదివి వినిపించాను.

మొదటి వాక్యం: ఏడాది గడువు దరఖాస్తు వచ్చిన రోజు నుంచి కాదు, స్వీకరించిన రోజు నుంచి మొదలవుతుంది. మా ఆఫీసులో దరఖాస్తు రావడం వేరు, స్వీకరించడం వేరు. రావడానికి తపాలా చాలు. స్వీకరించడానికి అది సంపూర్ణంగా ఉందని మాకు అనిపించాలి. అనిపించడానికి గడువేమీ లేదు.

రెండో వాక్యం: ఆఫీసు ఏదైనా ప్రశ్న అడిగితే, దానికి తృప్తికరమైన జవాబు వచ్చేదాకా గడియారం ఆగుతుంది.

"ఎంత బాగుందో చూశావా?" అన్నాను. "ఏడాదిలో తేల్చాలి అన్నదీ పోలేదు, మా పద్ధతీ పోలేదు!"

మార్డెల్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. "పెళ్ళికి ఊ అనడానికే పద్నాలుగు నెలలు తీసుకున్నావు. ఆ రోజుల్లోనే నీకో చట్టం చేసి ఉండాల్సింది," అంది. ఆడవాళ్ళకి శాసన రచన మీద ఆసక్తి తక్కువ.

అయినా రోషెల్ దరఖాస్తుని మాత్రం ఎందుకో తొందరగానే స్వీకరించారు. ఆ ఏడాది అక్టోబరు తొమ్మిదిన గడియారం మొదలైంది. మరుసటి అక్టోబరు తొమ్మిదికల్లా తేలాలి. రాకెట్టు ఇరవై ఏడున. మంచు నవంబరులో. అన్నీ వరసగా కుదిరాయి. ఊళ్ళో అందరూ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, దాచడం దేనికి?

జూన్‌లో ఆఫీసు నుంచి ప్రకటన వచ్చింది. కొండలోయల్లో సిగ్నల్ లేదన్న కారణం చూపి ఈ కంపెనీ ఫ్రీక్వెన్సీ అడుగుతోంది కనుక, నిజంగా లేదో ఉందో అక్కడి జనమే ముప్ఫై రోజుల్లో చెప్పాలి. ఎలా చెప్పాలి? ఇంటర్నెట్ ద్వారా మాత్రమే! ఉత్తరాలు తీసుకోబడవు.

"ఇంటర్నెట్ లేదని ఇంటర్నెట్‌లో చెప్పాలా?" అని వెర్నా రెండుసార్లు అడిగింది. మొదటిసారి సరిగ్గా వినలేదనుకుందో ఏమో.

"అది పద్ధతమ్మా. కంగారుపడకు. ఈ పని నాకు వదిలెయ్. ఫారాలు నింపించడం నా రక్తంలో ఉంది," అన్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా బాల్డీ కొండెక్కింది. అరవై మూడు పికప్పులు. ఎవరో పెద్ద గిన్నెతో గొడ్డు మాంసం, చిక్కుళ్ళ కూర తెచ్చారు, ఇంకెవరో మొక్కజొన్న రొట్టె. నేను టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని, వరస పెట్టించాను. ఒక్కొక్కరే వచ్చి కడ్డీల పక్కన నిలబడాలి, ఫోనులో ఫారం తెరవాలి, నేను చెప్పినట్టు నింపాలి, పంపించాలి, పక్కకి జరగాలి. ఎనభై ఆరేళ్ళ ముసలమ్మని కుర్చీతో సహా ఎత్తి సిగ్నల్లో పెట్టాం!

డెల్మర్ వంతు వచ్చింది. అభిప్రాయం రాసే గళ్ళో ఏం రాయాలో వాడికి నేను చక్కటి పేరా చెప్పాను. వాడు వినలేదు. బొటనవేలితో ఒక్కొక్క అక్షరమే నొక్కుకుంటూ ఇలా రాశాడు: "మంచు పడితే నా గుండె సంగతి బోయిసీకి తెలియదు. తెలిసేలా చెయ్యండి. ఇట్లు డెల్మర్."

"ఇలా రాస్తే ఎవడు చదువుతాడురా?" అన్నాను.

"చదవకపోతే మానె. నా మాట నేను చెప్పాను."

ఆ ఫారం ఎంత తెలివైనదో చెప్పాలి. మన అభిప్రాయం పంపగానే ఫోను ఉన్న ప్రాంతం, అక్కడి ఇంటర్నెట్ స్పీడు తనంతట తానే కొలుచుకుని రాసేసుకుంటుంది. మనం ఏమీ చెయ్యనక్కర్లేదు. పని అయ్యాక ఒక పచ్చటి టిక్కు మార్కు వస్తుంది. ఆ టిక్కు వచ్చినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి రెండువందల పన్నెండు టిక్కులు! ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నేనింత సంతోషపడ్డ రోజు లేదు. దిగేటప్పుడు వెర్నా కూడా నా భుజం తట్టింది.

అక్టోబరు ఐదున, అంటే గడియారం మొదలైన మూడువందల అరవై ఒకటో రోజున, కంపెనీకి ఉత్తరం వచ్చింది. రోషెల్ దాని నకలు నాకు పోస్టులో పంపింది.

"సదరు లోయ నివాసులు రెండువందల పన్నెండు మంది తమ తమ సొంత ఫోనుల నుండి, అతి వేగవంతమైన ఇంటర్నెట్ ద్వారా అభిప్రాయములు పంపియున్నారు. కావున సదరు ప్రాంతమునకు సేవలు సమృద్ధిగా అందుచున్నవని విశదమగుచున్నది. అట్టి చోట మరియొక ఉపగ్రహము ఏల అవసరమో సాక్ష్యాధారములతో వివరింపగలరు. తృప్తికరమైన వివరణ అందువరకు గడువు నిలిపివేయడమైనది."

ఆ పేరా చదువుతుంటే నాకు ఎక్కడో చూసినట్టనిపించింది. అనిపించదా మరి? దాని అస్థిపంజరం నేను రాసిందే. "విశదమగుచున్నది" అన్న మాట ఆ ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ రాదు.

ఆ మధ్యాహ్నమే కొండెక్కి రోషెల్‌కి ఫోన్ చేశాను.

"సార్, ఆ అభిప్రాయాలు పంపించింది ఎవరు?" అంది.

"మేమేనమ్మా. దగ్గరుండి నేనే పంపించాను."

"ఎక్కడి నుంచి?"

"సిగ్నల్ ఉన్న చోటి నుంచి. ఇంకెక్కడి నుంచి పంపుతాం?"

అవతల చాలాసేపు మాట లేదు. సిగ్నల్ పోయిందేమోనని చూసుకున్నాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

తరవాత నా సీట్లోకి వచ్చిన అధికారికి ఫోన్ చేశాను. నేనే పని నేర్పినవాడు. నా గొంతు వినగానే పొంగిపోయాడు.

"చూశారా సార్, ఎంత చక్కగా ఆపామో? ఇంకా నాలుగు రోజులుండగా! కొత్త చట్టం వచ్చాక ఒక్కటంటే ఒక్క దరఖాస్తు కూడా గడువు దాటలేదు సార్. నూటికి నూరు శాతం! కాంగ్రెసుకి రిపోర్టు పంపుతున్నాం. అంతా మీ చలవే."

"అది కాదు నాయనా. ఆ రెండువందల పన్నెండూ ఒకే కొండ మీద నుంచి పంపినవి. లోయలో ఏమీ రాదు. ఒకాయన గుండె జబ్బు మనిషి. నవంబరులో రోడ్డు మూసేస్తారు."

"అలాగా సార్! పాపం. అయితే ఆ ముక్కే రాసి పంపించమనండి. అందగానే పరిశీలిస్తాం. దాని మీద మాకు ఏవైనా ప్రశ్నలుంటే…"

అతను పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా.

మేము రాశాం. ప్రమాణపత్రాలు పంపాం, కొండ ఫొటోలు పంపాం, లోయ ఫొటోలు పంపాం. ఫొటోలో సిగ్నల్ లేకపోవడం కనపడటం లేదన్నారు! ఇరవయ్యో తేదీన ఒక ప్రశ్న, ఇరవై నాలుగున ఇంకొకటి. ఇరవై ఏడున రాకెట్టు వెళ్ళిపోయింది. ఫ్రిజ్ అంత ఉపగ్రహం కొలరాడోలో షెడ్డులో తెల్లదుప్పటి కప్పుకుని ఉండిపోయింది. నెలకోసారి రోషెల్ వెళ్ళి దాని బ్యాటరీ చార్జ్ చేసి వస్తుందట. నవంబరు మూడున మంచు పడింది. నాలుగున గేటు వేశారు.

ఇక్కడ ఆలస్యం వల్ల లాభాలు ఇంకా నాలుగు చెప్పాలని కూర్చున్నాను. రావడం లేదు.

వెర్నా మంగళవారాలు మానలేదు. డెల్మర్ ఇంటికి వెళ్ళి, ఆ రాతని మెషినులో ఎక్కించుకుని, క్లినిక్కులో దాచుకునేది. చూసి ఏదో తేడాగా ఉందని ఆవిడకి తెలుస్తుంది, ఏం చెయ్యాలో డాక్టరే చెప్పాలి. డిసెంబరు రెండోవారంలో ఒక మంగళవారం నాటి రాత ఆవిడకి అస్సలు నచ్చలేదు. బయట తెరిపి లేకుండా మంచు. బోయిసీ రోడ్డు కూడా మూసుకుపోయింది. శుక్రవారం నాడు మంచు తోసే బండి రాగానే దాని వెనకే డెల్మర్‌ని ఎక్కించుకుని నూట నలభై మైళ్ళు బోయిసీకి పోయింది. నేనూ వెళ్ళాను. దారంతా వాడు నా పేకాటని ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. పెదవులు మాత్రం నీలంగా ఉన్నాయి.

డాక్టరు ఆ మంగళవారం నాటి రాత చూశాడు. "ఇది ఆ రోజే నాకు చేరి ఉంటే మందు మార్చి ఊరుకునేవాణ్ణి," అన్నాడు. ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు. మెల్లగానే చెప్పాడు. ఆ మూడు రోజుల్లో గుండె కండ సగం చచ్చిపోయిందట. ఇక గుర్రమెక్కడానికి వీల్లేదు. ఆవుల వెంట తిరగడానికి వీల్లేదు. బకెట్టు నీళ్ళు ఎత్తడానికి కూడా వీల్లేదు.

ఆస్పత్రి వరండాలో కాఫీ మెషిను పక్కన నిలబడి నేను ఏడ్చాను. డెబ్భై ఒక్క ఏళ్ళ ముసలాణ్ణి, అందరూ చూస్తుండగా ఏడ్చాను. సిగ్గేసింది. కొండ మీద ఈల ఊదుతూ వరస పెట్టించినందుకు సిగ్గేసింది, ఆ రెండు వాక్యాలు రాసినందుకు అంతకన్నా సిగ్గేసింది. వాటిలో ఒక్కటైనా రాసేటప్పుడు, గడియారం ఆపితే ఎవరి గడియారం ఆగుతుందని నన్ను నేను అడగలేదు. పద్నాలుగువేల ప్రశ్నలు రాసినవాణ్ణి!

జనవరిలో డెల్మర్ ఆవుల్ని అమ్మేశాడు. తోలుకుపోవడానికి వచ్చిన రోజున వాడు కిటికీ దగ్గరికి కూడా రాలేదు. అదే వారం మా పాత ఆఫీసు నుంచి నాకు చెక్క పలక మీద ఇత్తడి రేకు కొట్టించిన సన్మానపత్రం వచ్చింది. లైసెన్సుల సంస్కరణలో నేను చేసిన కృషికిట. మార్డెల్ దాన్ని తిప్పి తిప్పి చూసి, బల్ల కాలు పొట్టిగా ఉన్న చోట కింద పెట్టింది. సరిపోయింది.

అదే నెలలో రోషెల్ ఉత్తరం రాసింది. రాకెట్టులో సీటు ఖాళీగా వదిలేస్తే బరువు తేడా వచ్చి ఒరిగిపోతుందట. అందుకని తమ ఉపగ్రహం పెట్టవలసిన చోట సరిగ్గా అంతే బరువున్న ఇనుప దిమ్మ ఒకటి బోల్టులేసి బిగించారట. రాకెట్టు పైముక్కా, దానితో పాటు ఆ దిమ్మా, ఇప్పుడు మా అందరి నెత్తి మీదా తిరుగుతున్నాయి. సాయంత్రం పూట ఎండ తగిలితే రెండు మూడు నిమిషాల పాటు చుక్కలా మెరుస్తుందట. ఏ రోజు ఎన్ని గంటలకి మా లోయ మీదుగా పోతుందో కూడా రాసి పంపింది. ఎందుకు పంపిందో నాకు అర్థం కాలేదు. కోపమే అయి ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆకాశం తేటగా ఉంది. మార్డెల్ చేసిన కోడి సూపు పట్టుకుని డెల్మర్ ఇంటికి వెళ్ళాను. రెండు దుప్పట్లు కప్పుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పచ్చికబయలంతా మంచు, అందులో ఒక్క గిట్ట జాడ లేదు. నేను పక్కన కూర్చుని వాచీ చూసుకున్నాను. ఆరు గంటల యాభై రెండు నిమిషాలకి, ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా, బాల్డీ కొండ మీద నుంచి అది లేచింది.

"అదిగోరా," అన్నాను.

డెల్మర్ టోపీ వెనక్కి తోసుకుని చూశాడు. "చక్కగా పోతోంది. మన డబ్బానా?"

"కాదు. మన డబ్బా షెడ్డులో ఉంది. దాని బదులు పెట్టిన ఇనుప దిమ్మ."

"అంటే అది నా గుండె సంగతి బోయిసీకి చెప్పదా?"

"చెప్పదు."

వాడు కాసేపు దాన్నే చూశాడు. అది నింపాదిగా మా క్లినిక్కు మీదుగా, చర్చి మీదుగా, వాడి ఖాళీ కొట్టం మీదుగా సాగిపోయింది.

"మరి దానికి లైసెన్సు ఎవడిచ్చాడురా?"

"దానికి అక్కర్లేదు డెల్మర్," అన్నాను. "అది ఎవరికీ ఏ పనీ చేసిపెట్టదు."